కలకత్తా నుండి సింగూరుకు

కలకత్తా వెళ్లివచ్చినవారు మన పత్రికకు రాసే యాత్రావ్యాసాలలో కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా స్మారక మందిరం, హౌరా వంతెన తప్పనిసరిగా ఉంటాయి. అవన్నీ మేమూ చూశాము. వాటిని గురించి మళ్లీ రాయడం పాఠకుల ఓపికను పరీక్షించడమే అవుతుంది గనుక, ఆ మహానగరంలోనూ దాని పొలిమేరల్లోనూ మేము గమనించిన మరొక సంగతికే ఈ వ్యాసాన్ని పరిమితం చేస్తున్నాము. అది విద్యుత్తుతో నడిచే బండ్ల సంగతి. వాటి దారికి పార్టీల వైరం ఎలా అడ్డు నిలుస్తుందో తెలిపే సంగతి.

2024 డిసెంబరులో ఎల్.టి.సి. సౌకర్యాన్ని వినియోగించుకొని విశాఖపట్నం నుండి మూడు కుటుంబాలం బయలుదేరాము. మాలో ఇద్దరు ఎలక్ట్రికల్ విభాగానికి చెందినవారు. గత రెండు మూడేళ్లుగా మా కాలనీలో సాయంకాలపు చర్చ అంతా విద్యుత్ కారు కొనవచ్చునా, కొనరాదా అన్నదాని చుట్టూనే తిరుగుతున్నది. ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు వెళుతుంది, బ్యాటరీ ఎన్నేళ్లు ఆగుతుంది, ఎక్కడ ఛార్జి చేసుకోవాలి అన్నవే ప్రశ్నలు. ఆ కారు ఏ ఊళ్లో తయారైంది, ఆ ఊళ్లోనే ఎందుకు తయారైంది అని అడిగినవారు లేరు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే కలకత్తాకు మించిన చోటు మన దేశంలో లేదని మా అభిప్రాయం. (నగరం పేరు 2001లో అధికారికంగా కోల్‌కతాగా మారింది. అయినా మూడు తరాలుగా మన ఉత్తరాంధ్ర వాళ్ల నోట నలిగిన కలకత్తా అంత తొందరగా పోదు. పాఠకులు మన్నించాలి.)

మొదటిరోజు ఉదయమే ఎస్ప్లనేడ్ చేరి 5వ నెంబరు ట్రాము ఎక్కాము. అది లెనిన్ సరణి మీదుగా, పుస్తకాల దుకాణాలు కిక్కిరిసిన కాలేజీ స్ట్రీట్ మీదుగా శ్యామ్‌బజారుకు వెళుతుంది. రెండు పెట్టెలు, చెక్క బల్లలు, నెత్తిన తీగను తాకుతూ సాగే ఇనుప చెయ్యి. 550 వోల్టుల డి.సి. కరెంటుతో నడుస్తుంది. పొగ లేదు, బ్యాటరీ లేదు, బ్యాటరీ మార్చవలసిన ఖర్చు అంతకన్నా లేదు. మాతో వచ్చిన ఎలక్ట్రికల్ మిత్రుడు మోటారు శబ్దం వింటూ, వందేళ్లు దాటినా ఈ బండిలో తప్పుపట్టడానికి ఏమీ కనబడడం లేదని రెండుసార్లు అన్నారు. పిల్లలకు మాత్రం అది నడిచే వేగమే తప్పుగా తోచింది.

1873లో గుర్రాలతో లాగించిన ట్రాము ఇక్కడ కొద్ది నెలలే నడిచి ఆగింది. 1880లో లండన్‌లో నమోదైన కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ మళ్లీ పట్టాలు వేసింది. 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుండి కిద్దిర్‌పూర్‌కు తొలి విద్యుత్ ట్రాము కదిలింది. మదరాసులో 1895లోనే విద్యుత్ ట్రాములు వచ్చాయి గానీ 1953లో ఆగిపోయాయి. బొంబాయి, ఢిల్లీ నగరాలు 1960లలో ఆపివేశాయి. ఇంతకాలం నిలుపుకొన్నది కలకత్తా ఒక్కటే. ఇప్పుడు ప్రపంచమంతా విద్యుత్ రవాణా అని కొత్తగా జపిస్తున్నదానిని ఈ నగరం 1902 నుండి చేస్తూనే ఉన్నదన్నమాట.

అయితే ట్రాముకు ఏ పార్టీ కూడా పూర్తిగా ఆప్తబంధువు కాలేదు. 1953లో రెండవ తరగతి ఛార్జీ ఒక్క పైసా పెంచితే నగరం అట్టుడికిపోయింది. వామపక్షాలు నడిపిన ఆ ఉద్యమంలో ట్రాములను తగులబెట్టారు. బ్రిటిష్ కంపెనీ ఆస్తి గనుక కాల్చడం దేశభక్తిగానూ కనిపించి ఉంటుంది. చివరికి పెంపు రద్దయింది. 1967లో కంపెనీ నిర్వహణను ప్రభుత్వం తీసుకున్నది, 1976లో సంస్థ జాతీయమైంది. ఆ తరువాత దీర్ఘకాలం పాలించిన వామపక్షాల హయాంలోనే కొన్ని మార్గాలు మూతపడ్డాయి. 1993లో హౌరా వంతెన మీద ట్రాము నిలిచిపోయింది. 2011లో అధికారం మారిన తరువాత కూడా మార్గాలు తరుగుతూనే వచ్చాయి. ఒకనాటి ముప్పై పైచిలుకు మార్గాలలో మేము వెళ్లేనాటికి వేళ్లమీద లెక్కపెట్టగలిగినవి మాత్రమే మిగిలాయి. 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి, మైదాన్–ఎస్ప్లనేడ్ మధ్య చిన్న వారసత్వ మార్గం తప్ప మిగిలినవన్నీ ఆపివేస్తామని ప్రకటించారు. నగర విస్తీర్ణంలో రోడ్లకున్న వాటా 6 శాతమేనని, ట్రాముల వల్ల రాకపోకలకు ఆటంకమని ఆయన చెప్పిన కారణం. ట్రాము అభిమానులు అప్పటికే హైకోర్టు తలుపు తట్టి ఉన్నారు. ఇరుకు రోడ్డులో ఆటంకం ట్రాము వల్లనా, ఒక్కొక్కరే కూర్చొని వెళ్లే వందలాది కార్ల వల్లనా అన్నది మాకు ఇప్పటికీ తేలని ప్రశ్న.

ఈ నగరంలో వీధుల పేర్లు కూడా రాజకీయ చరిత్రే. ఒకప్పటి ధర్మతలా వీధి లెనిన్ సరణి అయింది. అమెరికా కాన్సులేట్ ఉన్న హారింగ్టన్ వీధికి వియత్నాం యుద్ధకాలంలో హో చి మిన్ పేరు పెట్టారు. అమెరికా దౌత్యవేత్తలు తమ చిరునామాలో తమ శత్రువు పేరు రాసుకోవలసి వచ్చింది. బెంగాలీల ఈ వ్యంగ్యాన్ని మేము మనసారా మెచ్చుకున్నాము. అయితే వీధి పేరు మార్చినంత తేలికగా కర్మాగారం చోటు కూడా మారిపోతే ఏమవుతుందో మరునాటి ప్రయాణంలో తెలిసింది.

ఎస్ప్లనేడులో మరొకటి చెప్పాలి. ట్రాము దిగి బస్టాండు వైపు నడుస్తుంటే రాష్ట్ర రవాణా సంస్థవారి విద్యుత్ బస్సు ఒకటి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. కేంద్ర ప్రభుత్వపు ఫేమ్ పథకం తోడ్పాటుతో 2019లో 80 విద్యుత్ బస్సులు ఈ నగర రోడ్లమీదికి వచ్చాయి. అదే సంవత్సరం కోపెన్‌హాగెన్‌లో జరిగిన సి–40 నగరాల సదస్సులో హరిత రవాణాకు గాను కోల్‌కతాకు పురస్కారం లభించింది. ఆ 80 బస్సులనూ తయారుచేసి ఇచ్చినది టాటా మోటార్స్. ఈ బస్టాండుకు కూతవేటు దూరంలో, మెట్రో ఛానెల్ అని పిలిచే చోటనే, 2006 డిసెంబరులో ఆ సంస్థ కార్ల కర్మాగారానికి భూమి ఇవ్వరాదంటూ మమతా బెనర్జీ 26 రోజులు నిరాహారదీక్ష చేశారు. అప్పుడు ఆమె ప్రతిపక్ష నాయకురాలు. బస్సులు కొన్ననాడు ముఖ్యమంత్రి.

మరునాడు హౌరా స్టేషన్ నుండి తారకేశ్వర్ లోకల్ ఎక్కాము. ఎస్ప్లనేడ్ నుండి హౌరాకు వెళ్లడానికి 2024 మార్చిలో ప్రారంభమైన మెట్రో ఉన్నది. హుగ్లీ నది అడుగున 520 మీటర్ల దూరాన్ని అది 45 సెకన్లలో దాటుతుంది. కిటికీల అవతల నీలిరంగు దీపాలు వెలుగుతాయి. నది ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియక మా పిల్లలు మళ్లీ వెనక్కి వెళదామన్నారు.

తారకేశ్వర్ లోకల్ లిలువా, బేలూరు, బాలీ, ఉత్తరపాడా దాటి ఒక చిన్న స్టేషన్లో ఆగుతుంది. దాని పేరు హింద్ మోటార్. కర్మాగారం పేరే స్టేషన్‌కు పెట్టారు. బిర్లాలు 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో ప్రారంభించిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1948లో ఇక్కడికి తరలివచ్చింది. మంత్రుల నుండి టాక్సీ డ్రైవర్ల దాకా అందరికీ వాహనమైన అంబాసిడర్ కారు 1950ల చివరి నుండి ఇక్కడే తయారైంది. 2014 మే నెలలో పని నిలిపివేస్తున్నట్లు గేటుకు నోటీసు అంటించారు. మళ్లీ తెరుచుకోలేదు. అంబాసిడర్ అన్న పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన పుజో సంస్థ రూ. 80 కోట్లకు కొనుక్కున్నది. కలకత్తా వీధుల్లో ఇంకా తిరుగుతున్న పసుపుపచ్చ టాక్సీలు ఒక్కొక్కటే పదిహేనేళ్ల గడువు తీరి తెరమరుగవుతున్నాయి.

మా ఎదుటి బల్లమీద కూర్చున్న పెద్దాయన మా మాటలు విని తెలుగులోనే పలకరించారు. తాతల కాలంలో శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి జూట్ మిల్లులో కుదిరిన కుటుంబమట. హుగ్లీకి రెండు ఒడ్డులా ఉన్న జూట్ మిల్లుల వాడల్లో మనవాళ్లు ఈనాటికీ వేల కొద్దీ ఉన్నారు.

“హింద్ మోటార్ మూసీసినారు గదా, దానికి యూనియన్లే కారణమా తాతగారూ?” అని మాలో ఒకరు అడిగారు.

“అందరూ అదే సెప్తారు బాబూ. గేటుకాడ ఎన్ని జెండాలో అన్ని యూనియన్లు, నిజిమే. అయితే పాత కారు కొత్త కారు ముందర ఎన్నాళ్లు నిలుస్తాది? మారుతీ వొచ్చిన్నాడే దాని పని అయిపోనాది. జెండాలు తరవాత సంగతి,” అన్నారాయన.

అర్థశాస్త్ర పండితులు పుస్తకాలు రాసిన విషయాన్ని ఆయన రెండు మాటల్లో తేల్చి రిష్రా స్టేషన్లో దిగిపోయారు. పశ్చిమ బెంగాల్ పరిశ్రమలన్నీ రాజకీయాల వల్లనే పోయాయనడం ఎంత తేలికో అంత అసంపూర్ణం. అదే ఉత్తరపాడాలో టీటాగఢ్ రైల్ సిస్టమ్స్ కర్మాగారం పుణె, బెంగళూరు మెట్రోలకు కోచ్‌లు తయారుచేస్తున్నది. అవి కూడా విద్యుత్ వాహనాలే కదా.

సింగూరు కథ మాత్రం వేరు. అక్కడ పాత యంత్రం లేదు, అమ్ముడుపోని సరుకు లేదు. అక్కడ మొదటి కారు బయటికి రాకముందే కథ ముగిసింది.

శేవరాఫులీ వద్ద ప్రధాన మార్గాన్ని వదిలి బండి ఎడమకు మళ్లగానే ఊళ్లు పలచబడి పొలాలు మొదలయ్యాయి. డిసెంబరు మాసం గనుక ఎటు చూసినా బంగాళాదుంప పైరు. సింగూరులో దిగి రెండు టోటోలు మాట్లాడుకున్నాము. మనం ఈ–రిక్షా అనే మూడు చక్రాల బ్యాటరీ బండిని బెంగాల్లో టోటో అంటారు. డ్రైవర్లలో ఒకరు కొంచెం హిందీ తెలిసిన యువకుడు. కర్మాగారం స్థలం చూడాలన్నాము. “ఏ కర్మాగారం? అక్కడ ఏమీ లేదు,” అని, మరుక్షణం, “సరే, చూపిస్తాను,” అన్నాడు.

పాఠకుల్లో చిన్నవారి కోసం కొంత వెనక్కి వెళ్లాలి. 2006 మే 18న, వరుసగా ఏడవసారి గెలిచిన వామపక్ష కూటమి ముఖ్యమంత్రిగా బుద్ధదేవ్ భట్టాచార్య ప్రమాణ స్వీకారం చేసిన రోజునే, రతన్ టాటాను పక్కన పెట్టుకొని, లక్ష రూపాయల కారు సింగూరులో తయారవుతుందని ప్రకటించారు. అందుకు 997 ఎకరాలు కావాలన్నారు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద, బ్రిటిష్ దొరలు రైల్వేలకు భూమి తీసుకున్న పద్ధతిలోనే, పంటభూమిని సేకరించారు. ఎక్కువమంది రైతులు పరిహారం తీసుకున్నారు. గణనీయమైన సంఖ్యలో తీసుకోలేదు. ప్రతిపక్షమైన తృణమూల్ కాంగ్రెస్ వారి పక్షాన నిలిచింది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసు కాల్పుల్లో 14 మంది మరణించాక రాష్ట్రమంతా రెండుగా చీలిపోయింది. 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో నానో కారు ప్రపంచానికి కనిపించింది. ఆ ఆగస్టులో సింగూరు గేటు ముందు జాతీయ రహదారి మీద రోజుల తరబడి ధర్నా సాగింది. గవర్నరు గోపాలకృష్ణ గాంధీ మధ్యవర్తిత్వమూ ఫలించలేదు. అక్టోబరు 3న, దుర్గాపూజ పందిళ్లు వెలుగుతున్న వేళ, రతన్ టాటా తాము వెళ్లిపోతున్నామని ప్రకటించారు. నాలుగు రోజులు తిరగకుండా గుజరాత్‌లోని సాణంద్ ఖరారయింది. 1948లో కార్ల కర్మాగారం గుజరాత్ నుండి హుగ్లీ తీరానికి వచ్చింది. సరిగా 60 ఏళ్లకు మరొకటి హుగ్లీ జిల్లా నుండి గుజరాత్‌కు వెళ్లింది.

ఈ రెండు వర్గాలకు అక్కడ రెండు పేర్లున్నాయి. భూమి ఇష్టపడి ఇచ్చినవారు ఇచ్ఛుక్, ఇవ్వనివారు అనిచ్ఛుక్. సంస్కృత పదాలే గనుక మనకూ అర్థమవుతాయి. మొదట అవి రెవెన్యూ కాగితాల మీది మాటలు. తరువాత ఇంటి పేర్లంత స్థిరపడ్డాయి. మా టోటో డ్రైవరు తండ్రి ఇచ్ఛుక్, పెదనాన్న అనిచ్ఛుక్. ఒకే వాకిలి, మధ్యలో వెదురు దడి లేచింది. తండ్రికి కర్మాగారంలో కొడుకుకు పని దొరుకుతుందని ఆశ. పెదనాన్నకు చెక్కు ఖర్చయిపోతుంది, పొలం ఖర్చవదు అన్న నమ్మకం. ఇద్దరిదీ న్యాయమే. కానీ ఒకరి ఆశను ఒక పార్టీ, మరొకరి నమ్మకాన్ని మరొక పార్టీ తమ జెండాకు కట్టుకున్న తరువాత, అన్నదమ్ములు మాట్లాడుకొని తేల్చుకునే వీలు పోయింది. 2011లో ప్రభుత్వం మారాక అనిచ్ఛుక్ కుటుంబాలకు నెలకు రూ. 2,000, కిలో రెండు రూపాయలకు 16 కిలోల బియ్యం ఇచ్చారు. ఇచ్ఛుక్‌లకు అదీ లేదు, ఉద్యోగమూ లేదు. “పెళ్లిళ్లకు ఇప్పుడు వెళ్లివస్తున్నామండీ. దడి మాత్రం తీయలేదు,” అన్నాడతను.

2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ భూసేకరణ చెల్లదని, 12 వారాల్లో భూమిని రైతులకు తిరిగి అప్పగించాలని తీర్పునిచ్చింది. పరిహారం తీసుకున్నవారు దానిని వాపసు చేయనక్కరలేదని కూడా చెప్పింది. షెడ్లు కూలగొట్టారు. అక్టోబరులో ముఖ్యమంత్రి స్వయంగా ఆ నేలలో ఆవాలు చల్లారు. మేము చూసిన నాటికి కొంతమేర పైరు పచ్చగా ఉన్నది, కొంతమేర తలెత్తు రెల్లు గడ్డి పెరిగి ఉన్నది. రెల్లు మధ్య నడిస్తే కాలికి కాంక్రీటు ముక్కలు తగులుతాయి. ఒకచోట పునాది దిమ్మె మిగిలి మేకలు ఎక్కి నిలుచున్నాయి. పక్కనే దుర్గాపూర్ ఎక్స్‌ప్రెస్ రహదారి మీద కార్ల ట్రెయిలర్ లారీ ఒకటి కొత్త కార్లతో వెళ్లింది. ఎక్కడ తయారైనవో మాకు తెలియదు గానీ, మా అందరి కళ్లూ దానివెంట వెళ్లాయి.

నానో కారు సాణంద్‌లో తయారై, అనుకున్నంతగా అమ్ముడుపోక, 2018 నాటికి దాదాపు ఆగిపోయింది. కాబట్టి సింగూరు పోగొట్టుకున్నది నానోను కాదు. కర్మాగారం అంటే ఒక నమూనా కారు కాదు గదా. దాని చుట్టూ విడిభాగాల వారు, నేర్చుకున్న చేతులు, రోడ్డు, రేవు, అలవాటు చేరతాయి. టియాగో, టిగోర్ అదే సాణంద్‌లో వచ్చాయి, తరువాత వాటి విద్యుత్ రూపాలూ వచ్చాయి. 2020లో నెక్సాన్ విద్యుత్ కారు విడుదలయ్యాక కొన్నేళ్లపాటు దేశంలో అమ్ముడైన విద్యుత్ కార్లలో సగానికి పైగా టాటా వారివే. 2023 జనవరిలో సాణంద్‌లోనే ఫోర్డు సంస్థ మూసివేసిన కర్మాగారాన్ని, సంవత్సరానికి 3 లక్షల కార్లు చేయగలిగినదానిని, వారు రూ. 725.7 కోట్లకు కొన్నారు. అదే సంవత్సరం అక్టోబరు 30న సింగూరు నష్టానికి గాను పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ టాటా మోటార్స్‌కు రూ. 765.78 కోట్లు, 2016 సెప్టెంబరు నుండి 11 శాతం వడ్డీతో చెల్లించాలని మధ్యవర్తుల మండలి తీర్పు ఇచ్చింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. లేని కర్మాగారానికి బెంగాల్‌పై పడ్డ బాకీ, ఉన్న కర్మాగారాన్ని గుజరాత్‌లో కొన్న ధరకంటే ఎక్కువ.

దీనికి ఎవరిని నిందించాలి? అనిచ్ఛుక్ రైతును నిందించడానికి మాకు మనసు ఒప్పదు. అతని వాదన సరైనదని సుప్రీంకోర్టే తేల్చింది. నూరేళ్లకు పైబడిన ఆ పాత చట్టాన్ని పక్కనపెట్టి పార్లమెంటు 2013లో కొత్త భూసేకరణ చట్టం చేయడానికి సింగూరు, నందిగ్రామ్‌లే ముఖ్యకారణాలు. ప్రైవేటు పరిశ్రమకైతే 80 శాతం మంది అంగీకారం ఉండాలన్న నిబంధన దానిలో చేరింది. మా దృష్టిలో దోషం ఆరంభంలోనే జరిగింది. గెలిచిన పార్టీ తన విజయోత్సవం నాడు ఒక కర్మాగారాన్ని తన సొంత బహుమానంగా ప్రకటించింది. ఓడిన పార్టీకి దానిని అడ్డుకోవడమే బతుకుతెరువయింది. ఆ తరువాత కారు మంచిదా, భూమి మరెక్కడైనా దొరుకుతుందా, 997 ఎకరాలు అవసరమా అన్న ప్రశ్నలకు చోటు లేకపోయింది. 2021 ఎన్నికల్లో సింగూరులో పోటీపడిన ప్రధాన అభ్యర్థులిద్దరూ ఒకనాటి భూ ఉద్యమ సహచరులే. ఒకరు తృణమూల్ నుండి, మరొకరు అదే పార్టీలో ఇరవై ఏళ్లు శాసనసభ్యుడిగా ఉండి భారతీయ జనతాపార్టీలో చేరి. మేము వెళ్లిన ఆ 2024లోనే ఆగస్టు 8న బుద్ధదేవ్ భట్టాచార్య, అక్టోబరు 9న రతన్ టాటా రెండు నెలల తేడాతో కన్నుమూశారు.

ఇదంతా బెంగాలీల గొడవ అనుకుంటే పొరపాటు. విద్యుత్ వాహనానికి ప్రాణం బ్యాటరీ. మన చిత్తూరు జిల్లాలో బ్యాటరీలకు పేరుపడ్డ అమరరాజా సంస్థ సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ కుటుంబానికి చెందిన గల్లా జయదేవ్ అప్పట్లో తెలుగుదేశం పార్టీ ఎం.పి. రాష్ట్రంలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగా 2020లో ఆ సంస్థకు ఇచ్చిన భూమిలో 253 ఎకరాలను వెనక్కు తీసుకుంటూ ఉత్తర్వులు వచ్చాయి. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి రెండు యూనిట్లను మూసివేయాలన్నది. సీసం కాలుష్యమే కారణమని ప్రభుత్వం, కక్ష అని ప్రతిపక్షం అన్నాయి. హైకోర్టు ఆ మూసివేత ఉత్తర్వులను నిలిపివేసింది. 2022 డిసెంబరు 2న అమరరాజా రూ. 9,500 కోట్లతో లిథియం బ్యాటరీల కర్మాగారాన్ని తెలంగాణలో పెడుతున్నట్లు ఒప్పందం చేసుకున్నది. 2023 మేలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో శంకుస్థాపన జరిగింది. సీసం కాలుష్యం నిజంగా ప్రమాదకరమే, కార్మికుల రక్తంలో చేరే విషమది. దానిని శాస్త్రీయంగా తేల్చవలసిన చోట, చదివేవాడి పార్టీని బట్టి ఒకే నోటీసుకు రెండు అర్థాలు వచ్చాయి. సింగూరులో ఇచ్ఛుక్, అనిచ్ఛుక్ అన్న రెండు మాటలకూ పట్టిన గతి ఇదే.

అమెరికాలోనైతే కొనేవాడి దగ్గరికే ఈ చీలిక వచ్చింది. అక్కడ విద్యుత్ కారుకు 2022 చట్టం 7,500 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇస్తే, ప్రభుత్వం మారాక 2025 జూలైలో చేసిన చట్టం దానిని ఆ సెప్టెంబరు 30తో ముగించింది. టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ఒక పక్షాన నిలవడంతో అంతవరకు ఆ కారును ఆదరించిన రెండవ పక్షం వారు 2025లో ఆయన షోరూముల ముందు ధర్నాలు చేశారు. పర్యావరణం కోసం కారు కొన్నవారే, ఆయనపై అలుకకు ముందు కొన్నామని కారుకు చీటీ అంటించుకొని తిరిగారు. కర్మాగారం కట్టేవాడికి పదేళ్ల ముందుచూపు కావాలి. ఎన్నికలు నాలుగైదేళ్లకు ఒకసారి వస్తాయి. ఇటువంటి చోట బ్యాటరీ పరిశ్రమలో పెట్టుబడి పెట్టేవాడు వెనుకాడితే ఆశ్చర్యమేమున్నది?

ఒక కర్మాగారం కోసం అన్ని పక్షాలూ ఏకమైన సందర్భమూ మనకు తెలుసు. 1966లో విశాఖ ఉక్కు కోసం కమ్యూనిస్టులు, కాంగ్రెసు వారు, విద్యార్థులు ఒకే నినాదంతో వీధుల్లోకి వచ్చారు. 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ కర్మాగారానికి జెండా రంగు అంటలేదు. అక్కడా భూములిచ్చిన కుటుంబాల వారసుల ఉద్యోగాల మాట నేటికీ వినబడుతూనే ఉన్నది. సింగూరు రెల్లులో నిలుచున్నప్పుడు మా మధ్య ఆ ప్రసక్తి రానే వచ్చింది. మాలో ఒకరి అత్తవారిది అటువంటి కుటుంబమే.

తిరిగి స్టేషన్‌కు వస్తూ టోటో గురించి అడిగాము. పాత సీసపు బ్యాటరీలు నాలుగు, రాత్రి ఇంట్లోనే ఛార్జి చేస్తాడు, పగలంతా తిరుగుతుంది. 2015లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఈ–రిక్షాలకు గుర్తింపు ఇచ్చేనాటికే ఇవి ఊరూరా తిరుగుతున్నాయి. వీటి కోసం భూసేకరణ జరగలేదు, శంకుస్థాపన జరగలేదు, ఏ నాయకుడూ నిరాహారదీక్ష చేయలేదు. విద్యుత్ కారు నగరానికి చేరకముందే విద్యుత్ బండి పల్లెకు చేరింది. అతని బండి ముందు అద్దం మీద ఏ పార్టీ జెండా కనబడలేదు. ఎందుకని అడిగితే, “ఇచ్ఛుక్ ఎక్కుతాడు, అనిచ్ఛుక్ ఎక్కుతాడు. నాకు ఇద్దరి కిరాయీ కావాలి గదా,” అని నవ్వాడు.

సింగూరు చూడదలచిన మిత్రులకు కొన్ని వివరాలు. హౌరా నుండి తారకేశ్వర్ లోకళ్లు తరచుగా ఉన్నాయి, ప్రయాణం సుమారు గంట. ఆఫీసు వేళల్లో ఎక్కితే నిలుచోవడానికి కూడా చోటు దొరకదు గనుక ఉదయం తొమ్మిది గంటలు దాటాక బయలుదేరడం మేలు. అప్పుడు జనమంతా ఎదురు బండిలో కలకత్తా వైపు వస్తుంటారు. స్టేషన్ బయట మట్టి ముంతల్లో అమ్మే తీయని పెరుగు తప్పక రుచి చూడండి. అదే లైనులో తారకేశ్వర్‌లో ప్రసిద్ధమైన శివాలయం ఉన్నది. ఆడవారి కోరికపై మేము మధ్యాహ్నం బండికి అక్కడికి వెళ్లి దర్శనం చేసుకొని, సాయంకాలానికి హౌరా చేరాము. వచ్చేటప్పుడు హింద్ మోటార్‌లో బండి రెండు నిమిషాలు ఎక్కువే ఆగింది. ఫ్లాట్‌ఫారం మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.